వేలంలో అమ్ముడైన మృత్యువు

పాత ఇనుము కొనేవాడు వీధిలోకి వస్తే విరిగిన బకెట్టో, అరిగిన నాగటి కర్రో ఇచ్చి నాలుగు రూపాయలు తీసుకోవడం పల్లెల్లో అందరూ చేసే పనే. ఇచ్చిన సామానేమిటో ఇచ్చినవారికీ తెలుసు, పుచ్చుకున్నవాడికీ తెలుసు. 2010లో ఢిల్లీలో జరిగిన ఒక బేరం అలాంటిది కాదు. అందులో అమ్మినది ఒక విశ్వవిద్యాలయం. ప్రాణం పోయినది తుక్కు దుకాణంలో పనిచేసే ఒక కూలీకి.

ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో గామా సెల్ అనే పరిశోధన యంత్రం ఉండేది. 1968లో కెనడా నుంచి తెప్పించారు. గామా కిరణాలు సోకితే రసాయనాలలో ఏ మార్పు వస్తుందో దానితో పరిశీలించేవారు. యంత్రం నడుమ కోబాల్ట్-60 అనే లోహపు పుల్లలు, వాటి చుట్టూ టన్నుల కొద్దీ సీసం. ఆ సీసం కవచం ఉన్నంతసేపు పక్కన నిలబడి పని చేసుకోవచ్చు. కవచం విప్పితే ఆ పుల్లల నుంచి వెలువడే కిరణాలు కంటికి కనబడవు, వాసన రావు, చేతికి వేడి తగలదు. ఒంట్లోని రక్తకణాలను మాత్రం చంపుతాయి.

1985 తర్వాత ఆ యంత్రాన్ని ఎవరూ వాడలేదు. పాతికేళ్లు అలాగే పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో పనికిరాని సామాన్లతో పాటు దానినీ వేలం వేశారు. నగరానికి పడమర ఉన్న మాయాపురి తుక్కు బజారు వ్యాపారులు కొన్నారు. తుక్కు వ్యాపారికి సీసం అంటే మంచి ధర పలికే సరుకు. కూలీలు కవచం విప్పారు, పుల్లలు బయటపడ్డాయి. తళతళలాడే ఒక ముక్కను మరో దుకాణదారు ముచ్చటపడి పర్సులో పెట్టుకుని తిరిగాడు.

కోబాల్ట్-60 శక్తి సుమారు అయిదేళ్ల మూడు నెలలకు ఒకసారి సగానికి పడిపోతుంది. 42 ఏళ్లలో అలా ఎనిమిదిసార్లు తగ్గి, మొదటి శక్తిలో దాదాపు 250వ వంతు మాత్రమే మిగిలింది. ఆ నివురుగప్పిన నిప్పే ఇంత పనీ చేసింది.

ఒంటిమీద చర్మం నల్లబడి, జుట్టు ఊడిపోతున్న ఒక దుకాణ యజమాని ఏప్రిల్ మొదట్లో ఆసుపత్రిలో చేరాడు. వైద్యులు అనుమానించి 7వ తేదీన అణుశక్తి నియంత్రణ మండలికి కబురు చేశారు. నిపుణులు వచ్చి ఒక దుకాణంలో ఎనిమిది, పక్క దుకాణంలో రెండు, పర్సులో ఒకటి పట్టుకుని నరోరా అణువిద్యుత్ కేంద్రానికి తరలించారు. ఏప్రిల్ 26న 35 ఏళ్ల కూలీ చనిపోయాడు. పర్సు మనిషి బతికాడు. యంత్రం ఎక్కడిదో తేలింది నెలాఖరుకే.

ఎవరి బాధ్యత?

ఈ ప్రశ్నకు జవాబుగా ఒక్క మనిషిని చూపడం కష్టం. వాడకం మానేసిన రేడియోధార్మిక పదార్థాన్ని నియంత్రణ మండలికి తెలిపి, తయారుచేసిన సంస్థకో, అనుమతి ఉన్న నిల్వ కేంద్రానికో పంపాలి. విశ్వవిద్యాలయం అలా చేయలేదు. కోబాల్ట్ అంటే ఏమిటో పాఠం చెప్పగలవారున్న విభాగంలోనే ఇది జరగడం విడ్డూరం. వైస్ ఛాన్సలర్ నైతిక బాధ్యత వహిస్తూ క్షమాపణ చెప్పారు. రేడియోధార్మిక పదార్థాల వాడకానికి విశ్వవిద్యాలయానికి ఉన్న అనుమతిని మండలి నిలిపివేసింది.

మండలి మాట ఏమిటి? అది ఏర్పడింది 1983లో. అప్పటికే యంత్రం వచ్చి పదిహేనేళ్లయింది. తన పుట్టుకకు ముందు దేశంలోకి వచ్చిన ఇలాంటి పాత సామాను ఎక్కడెక్కడ ఉందో వెతికి లెక్క రాసుకోవలసిన పని తనదే. ఆ లెక్కలోని లొసుగులను 2012లో కాగ్ నివేదిక ఎత్తి చూపింది.

2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాలు చదివితే బాధ్యతను ఎంత వివరంగా పంచారో తెలుస్తుంది. సంస్థ యజమానికి కొంత, అనుమతి పొందినవారికి కొంత, రేడియేషన్ భద్రతాధికారికి కొంత. అక్కడ పనిచేసే కార్మికుడికి సైతం విధులున్నాయి. ప్రయోగశాలలో నలుగురూ తలా ఒక చెయ్యి వేస్తేనే భద్రత అన్నది దాని భావం. అయితే పాతికేళ్లలో మనుషులు మారతారు, బదిలీ అవుతారు, రిటైరవుతారు. పని అందరిదీ అయినప్పుడు ‘వాళ్లు చూసుకుంటారులే’ అని ప్రతివాడూ పక్కవాడి వైపు చూడడం ఆఫీసుల్లో కొత్త కాదు. ఇక గేటు బయట లారీలోంచి యంత్రాన్ని దించుకునే కూలీ ఆ నియమాల్లోని ఏ వరుసలోనూ లేడు.

అతన్ని తలుచుకున్నవారు లేకపోలేదు. పసుపు రంగు మీద మూడు రెక్కల పాత గుర్తును చూసి చదువురానివారు ప్రమాదాన్ని పోల్చుకోలేకపోతున్నారని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2007లో మరో గుర్తు తెచ్చింది. ఎర్రటి త్రికోణంలో మూడు రెక్కల నుంచి కిరణాలు, కింద పుర్రె, పరుగెత్తి పారిపోతున్న మనిషి. దానిని యంత్రం పైన కాక, విప్పబోయేవాడికి మాత్రమే కనిపించేలా లోపలి కవచం మీద అంటించాలి. మాయాపురికి చేరిన యంత్రం ఆ గుర్తు పుట్టడానికి 39 ఏళ్ల ముందే కొన్నది.