కోత దశలో మిరపకు పట్టు పురుగులు - నివారణ

మిరప పండించు రైతులకు ఒక చిక్కు బాగుగా తెలిసినదే. ఎరువులకు, కూలికి ఖర్చంతయు పెట్టి, కాయ ఎరుపెక్కు సమయమునకు చేలో పురుగు కనిపించును. వెంటనే మందు కొట్టి, నాలుగు రోజులకే కాయ కోయుట కొందరికి అలవాటు. ఇది నష్టదాయకమైన పద్ధతి. ఎండుమిరపను ఎవరును కడిగి వాడరు. నేరుగా కారముగా దంచుదురు. పైగా కాయ ఎండి బరువు తగ్గినకొలది, దానిపై మిగిలిన మందు పాలు పెరుగును. అట్టి సరుకు ఎగుమతి పరీక్షలలో తప్పిన యెడల ధర పడిపోవును.

గుర్తించు విధము

కాయ దశలో ముఖ్యమైనవి రెండు పురుగులు. పొగాకు లద్దెపురుగు ఆకుల అడుగున గుడ్లను గుంపుగా పెట్టి, వాటిపై గోధుమరంగు నూగు కప్పును. పిల్ల పురుగులు గుంపుగా గీకి తినుటచే ఆకు జల్లెడవలె అగును. పెరిగిన పురుగులు పగలు నేల నెర్రెలలో దాగి, రాత్రులు కాయకు రంధ్రము చేసి గింజలను తినును. శనగపచ్చ పురుగు గుడ్లను విడివిడిగా పెట్టును. తల కాయలోనికి, ఒడలు వెలుపలికి ఉంచి తినును. తొలిచిన కాయలు ఎండిన పిమ్మట తెల్లబడి తాలుకాయలగును.

ఆకులు పైకి ముడుచుకొనిన తామర పురుగు, క్రిందికి ముడుచుకొనిన తెల్లనల్లి అని తెలియవలెను. 2021లో మన ప్రాంతపు మిరప చేలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో చేరి, పూత రాల్చును.

మందు లేని పనులు

1. గుడ్ల సముదాయములను, జల్లెడాకులను వారమునకు రెండు మార్లు ఏరి నాశనము చేయవలెను.
2. ఎకరాకు 4 లేక 5 లింగాకర్షక బుట్టలు, 10 పక్షి స్థావరములు పెట్టవలెను.
3. పుచ్చుకాయలను చేలో రాల్చి వదలక, ఏరి పూడ్చవలెను.
4. వచ్చే పంటకు గట్లపై ఆముదము, నడుమ బంతి వేయుడు. లద్దెపురుగు ఆముదముపై, శనగపచ్చ పురుగు బంతిపై ముందుగా గుడ్లు పెట్టును.

పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు 5 శాతము వేపగింజల కషాయము చాలును. 10 కిలోల వేపపప్పు పొడిని రాత్రి నానబెట్టి, వడపోసి, 200 లీటర్ల నీటిలో కలిపి చల్లవలెను. ఎన్.పి.వి. ద్రావణము కూడ మంచిదే. అయితే ఏ పురుగుకు ఆ పురుగు ద్రావణమే పనిచేయును. ఎండకు దాని శక్తి పోవును గనుక సాయంకాలమే చల్లవలెను.

మందు తప్పనిసరియైనచో

ముందుగా పండిన కాయనంతయు కోయుడు. ఆ తరువాతనే మందు చల్లుడు. మిరప ఒక్కసారిగా పండునది కాదు, దఫాలుగా కోయుదుము. రెండు కోతల నడుమ గల వ్యవధియే మందు విరుగుటకు మనకు దొరకు సమయము. ఆ వ్యవధిలో ఇమిడెడి మందునే ఎన్నుకొనవలెను. కాయతొలుచు పురుగుకు ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. చల్లిన 3 రోజులు, స్పైనోసాడ్ 45 ఎస్.సి. చల్లిన 3 రోజులు ఆగవలెను. తామర పురుగుకు వాడు ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్.కు 40 రోజులు ఆగవలెను. కనుక కోతలు మొదలైన పిమ్మట అది పనికిరాదు. డబ్బాపై వ్రాసిన మోతాదును, ఆగవలసిన దినములను చదివించుకొనక ఏ మందును కొనవద్దు.

సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను పదేపదే చల్లిన నల్లి, తామర పురుగులు పెచ్చుపెరుగును. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. కళ్లములో ఆరబోసిన కాయపై ఎట్టి పురుగుమందును చల్లరాదు.

మందు చల్లిన తేదీ, పేరు, మోతాదు ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడు. గ్రామోద్యోగులు కోతకు ముందు ఆ పుస్తకమును చూచి, ఆగవలసిన దినములు గడచినవో లేదో రైతుకు చెప్పిన ఎంతో మేలు చేసినవారగుదురు. పురుగు ఏదో తెలియని యెడల, ఆకును, కాయను కోసి మీ మండల వ్యవసాయాధికారికి చూపి, సలహా పొందిన పిమ్మటనే మందు కొనుడు.