వనదేవతల ప్రసాదం: ఇంటి ఆరామం

మేడారం గద్దెలపై విగ్రహాలు లేవు. రెండేండ్లకొకసారి మాఘమాసంలో కోయ పూజారులు అడవినుండి కంకవనమనే వెదురును తెచ్చి నిలుపుతారు. చిలకలగుట్టనుండి కుంకుమభరిణ రూపంలో సమ్మక్క తల్లి దిగివస్తుంది. పులుల నడుమ ఆడుకొంటున్న పసిబిడ్డగా ఆమె కోయదొరలకు లభించిందనీ, చివరకు గుట్టపై పుట్ట చెంత కుంకుమభరిణగా మిగిలిందనీ ఐతిహ్యం. అడవిలో దొరికి అడవిలోనే లీనమైన తల్లి కనుక ఆమె వనదేవత. బంగారమని పిలిచే బెల్లాన్ని మనం ప్రసాదంగా ఇంటికి తీసుకుపోతాము. దానితోపాటు ఆ తల్లి వనధర్మాన్ని కూడ కొంత తీసుకుపోవడం మనకు శ్రేయస్కరం.

అమరకోశంలోని వనౌషధివర్గం చదివినవారికి ‘ఆరామం’ అనే పదం పరిచితమే. మనుష్యుడు నాటి పెంచిన వనానికి అది పేరు. ‘రమ్’ ధాతువునుండి ఏర్పడినందున మనస్సు రమించే చోటు అని దాని అర్థం. తోటకు పేరు పెట్టినప్పుడే పూర్వులు దాని ఫలాన్ని కూడ చెప్పారన్నమాట. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు ఇదే విషయాన్ని మరొక విధంగా నిరూపించాడు. శస్త్రచికిత్స అనంతరం కిటికీలోనుండి చెట్లు కనిపించిన రోగులు, ఇటుకగోడ మాత్రమే కనిపించినవారికంటె త్వరగా ఇండ్లకు వెళ్ళారు; నొప్పికి బలమైన మందులు కూడ తక్కువగా తీసుకొన్నారు.

గృహస్థునకు విహితమైన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. తన ఆహారంలో ఇతర ప్రాణులకు భాగమివ్వడమే ఆ యజ్ఞం. దుఃఖం మనిషిని తనలోకే ముడుచుకొనేట్లు చేస్తుంది. జీవితభాగస్వామిని కోల్పోయినవారు, పిల్లలు దూరదేశాలకు వెళ్ళగా ఒంటరిగా మిగిలినవారు ఎందరో తల్లుల సన్నిధికి వస్తారు. అటువంటివారికి నీరు పోయవలసిన ఒక మొక్క, గింజలకోసం వచ్చే ఒక పిచ్చుక ఉన్నా చాలు, తెల్లవారి లేవడానికి కారణం దొరుకుతుంది. వైద్యుడు చెప్పిన మందు మానవలదు. తోట ఆ మందుకు తోడు.

దీనికి నాలుగు కుండీల చోటు చాలును. మందారం పూస్తే తేనెపిట్ట వస్తుంది. కరివేప, నిమ్మ ఆకులపై సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఆ గొంగళిపురుగు కొన్ని ఆకులు తింటుంది; దానిని చంపక, ఆ ఆకులే మన భూతబలి అనుకోవాలి. పెరడు విశాలమైతే మేడిచెట్టు నాటవచ్చును. దాని పండ్లకు పికిలిపిట్టలు, గోరువంకలు, కోకిలలు చేరుతాయి. పిచ్చుకలకోసం చూరుకు వరికంకుల కుచ్చు కట్టడం మన పల్లెల ఆచారమే. మట్టి మూకుడులో నీరుంచి, దోమలు చేరకుండ ప్రతిదినం మార్చాలి. పురుగుమందులు చల్లరాదు. పక్షులు తమ పిల్లలకు మేపేది ఆ పురుగులనే.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన పెనుగాలికి సుమారు 50 వేల చెట్లు కూలిపోయాయి. గాలి ఊళ్ళమీదికి రాకుండ తల్లులే కాపాడారని ఇక్కడి ప్రజలు విశ్వసించారు. మనకు బదులుగా అడవి దెబ్బ తిన్నదన్న ఆ విశ్వాసంలో మనం తీర్చవలసిన ఋణమొకటి ఉన్నది. నిలువెత్తు బంగారం మొక్కుకొనే భక్తులు దానితోపాటు ఒక మొక్కను కూడ మొక్కుకోవాలి. దాతలు పండ్లచెట్లు నాటించి, అవి వేరూనేవరకు నీరు పోయించే భారం వహించాలి. ఏ ఇంటి పెరటిలో పిట్టకు నీరు, నీడ దొరుకుతాయో ఆ ఇంటిలోనూ తల్లుల గద్దె ఉన్నట్లే.