పందెపు మోటారులో నైట్రస్ వాయువు: లోపం ఎక్కడ?

నైట్రస్ ఆక్సైడు అనగానే మనలో చాలమందికి శస్త్రచికిత్సా మందిరంలోని నీలిరంగు సిలిండరు స్ఫురిస్తుంది. 1772లో ప్రీస్ట్‌లీ కనుగొన్న ఈ వాయువును 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికా దంతవైద్యుడు నొప్పి తెలియకుండా పళ్లు తీయడానికి ఉపయోగించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లు దీనినే విమానపు ఇంజన్లకు అందించి, గాలి పలుచనైన ఎత్తులలో వాటి శక్తిని నిలబెట్టారు. పావుమైలు, అనగా 402 మీటర్లు, తిన్నని బాటపై క్షణాలలో ముగిసే డ్రాగ్ పందేలలో నేడు ఆ విద్యే కొనసాగుతున్నది.

ఇందులోని కిటుకు కష్టమైనదేమీ కాదు. గాలిలో ప్రాణవాయువు బరువును బట్టి నూటికి 23 పాళ్లు. నైట్రస్‌లో 36 పాళ్లు. ఇంజనులోని వేడికి ఈ వాయువు విడిపోయి ప్రాణవాయువును వదులుతుంది. కాని దానికి తగిన అదనపు పెట్రోలు కూడ అదే క్షణాన చేరాలి. చేరకపోతే మంట మితిమీరి పిస్టను కరిగిపోతుంది. నైట్రస్ ఇంజన్లను తింటుందని పందెగాండ్రు అనుకుంటారు గాని, తినేది చాలసార్లు అందని పెట్రోలే. కాబట్టి లోపం వెదకేవాడు నైట్రస్ సిలిండరు మూసి ఉంచి, ముందుగా పెట్రోలు పంపునూ, వడపోత జల్లెడనూ చూడాలి. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పటి పీడనం చాలదు. పెట్రోలు పూర్తిగా ప్రవహిస్తున్నప్పుడు కూడ ఆ పీడనం నిలిచి ఉన్నదా అనేదే అసలు పరీక్ష.

తరువాతి అనుమానితుడు ఉష్ణోగ్రత. సిలిండరులో నైట్రస్ ద్రవంగా ఉంటుంది. మన వంటింటి గ్యాసు వలెనే, ద్రవం మిగిలి ఉన్నంతవరకు దాని పీడనం వేడిని బట్టి మారుతుందే కాని పరిమాణాన్ని బట్టి కాదు. అందువల్ల మీటరు ముల్లును చూసి సరుకు ఎంత ఉన్నదో చెప్పలేము, తూచి చూడవలసిందే. 20 డిగ్రీల వద్ద చదరపు అంగుళానికి సుమారు 730 పౌనులుండే పీడనం, 30 డిగ్రీల వద్ద 900 దాటుతుంది. చాల యంత్రాంగాలు 900 – 1000 పౌనుల మధ్య పనిచేసేటట్లు అమర్చినవి. పీడనం తగ్గితే వాయువు తక్కువై, పెట్రోలు మిగిలి, నల్లని పొగ వస్తుంది. హెచ్చితే వాయువు ఎక్కువై, పెట్రోలు చాలక, ఇంజను లోపల సుత్తి దెబ్బల వంటి మోత పుడుతుంది.

శీతల దేశాల పుస్తకాలు సిలిండరును విద్యుత్ దుప్పటితో వెచ్చబరచమని చెబుతాయి. సిద్దిపేటలో ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీ సంగతి చెప్పనే అక్కరలేదు. నైట్రస్ 36.4 డిగ్రీలు దాటితే ఎంత పీడనంలోనైనా ద్రవంగా నిలువదు. ఇక్కడ ఆ సలహాను తిరగవేసి, సిలిండరును నీడన ఉంచి తడిగుడ్డ చుట్టాలి. చలికాలంలోనైనా నిప్పుసెగ చూపడం ప్రాణాపాయం. కీళ్లకు నూనె గాని గ్రీజు గాని పూయడమూ అంతే.

మీట నొక్కితే ఏమీ జరగకపోతే అది సాధారణంగా విద్యుత్తు తగవు. ఫ్యూజు, రిలే, భూమి తీగ, యాక్సిలరేటరు అడుగున ఉండే స్విచ్చి – వీటిని వరుసగా చూస్తే సరిపోతుంది. సోలినాయిడు కవాటం టిక్కుమంటే తీగలు బాగున్నట్లే.

మొదట వేగం అందుకొని నడుమ తడబడితే సిలిండరు అమరికను చూడాలి. కుదుపుతో కదిలిన బండిలోని కుండనీరు వెనుకకు ఒరిగినట్లు, పందెం మొదలవగానే ద్రవం వెనుకకు పోతుంది. లోపలి గొట్టం కొన వెనుక అడుగుభాగాన లేకపోతే ద్రవానికి బదులు ఆవిరి అందుతుంది.

పరుగు తరువాత స్పార్కు ప్లగ్గును విప్పి చూడటం మంచి అలవాటు. మన మెకానిక్కులకు ఈ చదువు కొత్తది కాదు. లేత గోధుమరంగు క్షేమం. పాలవలె తెల్లబడి లోహపు చుక్కలు కనబడితే మరొక పరుగు వద్దు. ప్రతి 50 అశ్వశక్తులకు జ్వలనాన్ని సుమారు 2 డిగ్రీలు వెనుకకు జరపడం వాడుకలో ఉన్న కొలత.

ఈ పరీక్షలకు స్థలం మూసిన బాటే. సిద్దిపేట మీదుగా సాగే రాజీవ్ రహదారి కాదు. ప్రభుత్వ లిఖితానుమతి లేని పందేన్ని బహిరంగ స్థలంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను నిషేధిస్తున్నది.

ఇంజను ఆపేముందు సిలిండరు కవాటం మూయాలి. సోలినాయిడు సన్నగా కారితే వాయువు రాత్రంతా గాలిగొట్టంలో చేరుతుంది. తెల్లవారి తాళంచెవి తిప్పిన క్షణాన ఆ గొట్టమే పేలుతుంది.