పంపు స్టవ్వు చెప్పే సాక్ష్యం

సైన్సు అంతా ప్రయోగశాలలోనే ఉంటుందనుకుంటాం గాని, పాతసామాన్ల కొట్లో తూకానికి పోయే ఇత్తడి పంపు స్టవ్వులోనూ బోలెడంత ఉంది. అలాంటివి నాలుగు కొని బాగుచేశాను. హాస్టలు మిత్రులు నన్ను 'స్టవ్వుల షావుకారు' అంటున్నారు. అననివ్వండి!

1892లో స్వీడన్‌లోని స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్ మసి పట్టని కిరసనాయిలు స్టవ్వు తయారుచేశాడు. దాని పేరు ప్రైమస్. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందమూ, 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందమూ మంచు కరిగించుకున్నది ఈ రకం స్టవ్వుల మీదే. గుడారాల్లో వెలిగిన ఆ వస్తువే, గ్యాసు రాకముందు మన వంటిళ్లలోనూ వెలిగింది.

ఇందులో వత్తి ఉండదు. మా చేలో మందు కొట్టే స్ప్రేయరులాగే, పంపు కొడితే టాంకీలో గాలి ఒత్తిడి పెరిగి నూనెను పైకి నెడుతుంది. ముందుగా బర్నరు కింది గిన్నెలో స్పిరిట్ వెలిగించి బర్నరును వేడిచేస్తాం. ఆ వేడికి నూనె ఆవిరై, నిపిలు సన్నని రంధ్రం గుండా దూసుకొచ్చి, గాలితో కలిసి నీలంగా మండుతుంది. బర్నరు సరిగా కాగకపోతే నూనె నూనెగానే చిమ్మి, పచ్చని మంట ఎగసిపడుతుంది. గాలి స్క్రూ వదిలితే ఒత్తిడి పోయి మంట ఆరిపోతుంది.

బాగుచేయడం కష్టమేమీ కాదు. చింతపండుతో తోమితే ఇత్తడి మెరుస్తుంది. పంపులోని తోలు వాషరు ఎండి ముడుచుకుపోతే నూనెలో నానబెట్టాలి. నిపిలును పిన్నుతో శుభ్రం చేయాలి. బర్నరు కింది సీసపు వాషరు కొత్తది వేయాలి. నూనె పోయకముందే గాలి కొట్టి, సైకిలు ట్యూబుకు పంచరు చూసినట్టు నీళ్లతొట్టిలో ముంచాలి. ఒక్క బుడగ వచ్చినా దాన్ని వెలిగించకూడదు. మండుతున్న స్టవ్వులో నూనె పోయకూడదు. పెట్రోలు అసలే తగదు.

ఈ జాగ్రత్తలు చెబుతుంటే మరో మాట గుర్తొస్తోంది. 1980లలో 'స్టవ్వు పేలి కోడలి మృతి' అన్న వార్తలు పత్రికల్లో తరచూ వచ్చేవి. కొన్ని నిజంగా ప్రమాదాలే. కొన్ని మాత్రం కట్నం కోసం చేసిన హత్యలు. అందుకే 1983లో 498ఏ, 1986లో 304బి సెక్షన్లు శిక్షాస్మృతిలో చేరాయి.

స్టవ్వు లోపలి సంగతి తెలిసినవాడికి ఒక ప్రశ్న తప్పక పుడుతుంది. నిజంగా పేలితే టాంకీ చీలాలి, లేదా అతుకు ఊడాలి. నూనె చిమ్మితే ఏదో వాషరో కీలో వదులై ఉండాలి. టాంకీ చెక్కుచెదరక, కీళ్లన్నీ బిగుతుగా ఉంటే 'పేలింది' అన్న మాట ఎలా నిలుస్తుంది?

స్టవ్వు అబద్ధమాడదు. దాన్ని విప్పి చూసి, అడగాల్సిన ప్రశ్న అడిగే మనిషి కావాలి. మనం చదివే సైన్సు ఆ మనిషిని తయారుచేస్తే చాలు, మన చదువు సార్థకమైనట్టే.