కెమెరా ఎవరి చేతిలో ఉంది?



హాస్టల్లో చేరిన రోజు నుంచి మనకు ఫోటోతో పని పడుతూనే ఉంటుంది. అడ్మిషన్ ఫారానికి ఫోటో, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఫోటో, హాల్ టిక్కెట్టుకు ఫోటో కావాలి. వార్షికోత్సవం నాడు గ్రూపు ఫోటో ఉంటుంది. ఎవరైనా దాతలు వచ్చి దుప్పట్లు పంచితే ఆ రోజు ఇంకో ఫోటో. ఇన్నింటిలో మనం ఉన్నా, కెమెరా మాత్రం చాలాకాలం ఇంకొకరి చేతిలోనే ఉంది. ఇప్పుడు అది సెల్‌ఫోన్ రూపంలో మన ఇళ్ళకూ వచ్చింది. అందుకని కెమెరా ఎలా పనిచేస్తుంది, ఏది ఎంచుకోవాలి, ఏ ఫోటోను కళ అనాలి అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో వివరించదలిచాము.

కెమెరా అంటే ఒక చీకటి పెట్టె

ఎంత ఖరీదైన కెమెరా అయినా దాని మూలం ఒక చీకటి పెట్టె. దీన్ని హాస్టల్లోనే చేసి చూడవచ్చు. ఖాళీ చెప్పుల అట్టపెట్టె తీసుకుని ఒక వైపు గుండుసూదితో సన్నని రంధ్రం చేయాలి. ఎదుటి వైపు అట్టను కోసి నూనె రాసిన పల్చని కాగితం అంటించాలి. దుప్పటి కప్పుకుని, రంధ్రాన్ని ఎండలో ఉన్న చెట్టు వైపు తిప్పితే కాగితం మీద ఆ చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మనం చదువుకున్న పాఠమే ఇది. చెట్టు పైనుంచి వచ్చే కిరణం రంధ్రం దాటి కిందికి పోతుంది, కింది నుంచి వచ్చేది పైకి పోతుంది. మేము ఇలాంటి పెట్టె చేసినప్పుడు చూడటానికి ఆరో తరగతి తమ్ముళ్ళు వరుస కట్టారు.

ఆ బొమ్మను చెరిగిపోకుండా నిలబెట్టడమే ఫోటోగ్రఫీ. 1839లో ఫ్రాన్సు దేశస్థుడు డాగ్యుర్ వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మను నిలిపే పద్ధతిని లోకానికి వెల్లడించారు. తర్వాత గాజు పలకలు, ఆ తర్వాత ఫిల్ము రీళ్ళు వచ్చాయి. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరాను తయారు చేశారు. దాని బరువు సుమారు మూడున్నర కిలోలు. దాని బొమ్మలో ఉన్నవి పదివేల చుక్కలు మాత్రమే. ఒక్క బొమ్మను టేపు మీద భద్రపరచడానికి 23 సెకన్లు పట్టేది. డిజిటల్ కెమెరా పుట్టిన ఆ సంస్థే, డిజిటల్ కాలానికి తట్టుకోలేక 2012లో దివాలా రక్షణ కోసం కోర్టుకు వెళ్ళింది!

కాంతిని కొలిచే మూడు తాళాలు

మన కుళాయి దగ్గర బకెట్టు నింపడాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కుళాయిని ఎంత తిప్పాము, ఎంతసేపు వదిలాము అనే దాన్ని బట్టి బకెట్టు నిండుతుంది. కెమెరాలో కాంతి వచ్చే రంధ్రం సైజును ఎపర్చరు అంటారు. అది తెరుచుకుని ఉండే సమయాన్ని షట్టర్ వేగం అంటారు. ఇక ఐ.ఎస్.ఓ. అంటే వచ్చిన కాంతికి కెమెరా ఎంతగా స్పందించాలి అనే అంకె. దీన్ని బాగా పెంచితే చీకట్లో కూడా ఫోటో వస్తుంది గానీ ఇసుక చల్లినట్లు గరుకుగా కనిపిస్తుంది.

పాత ఫోటోగ్రాఫర్లు పాటించిన ఒక సులువైన సూత్రం ఉంది. మంచి ఎండలో ఎపర్చరు ఎఫ్ 16 పెట్టి, ఐ.ఎస్.ఓ. 100 అయితే షట్టర్‌ను సుమారు 1/100 సెకను పెట్టాలి. ఏ మీటరూ లేకుండానే ఫోటో సరిగ్గా వస్తుంది. పరుగెత్తే కబడ్డీ ఆటగాడిని కదలకుండా పట్టాలంటే 1/500 లేదా అంతకంటే వేగం కావాలి. అప్పుడు తగ్గిన కాంతిని పూడ్చడానికి ఎపర్చరును పెద్దది చేయాలి. ఒకటి తగ్గితే ఇంకొకటి పెంచాలి. లెక్క అంతే.

ఏ కెమెరా మంచిది?

"ఎన్ని మెగాపిక్సెల్స్?" అని అందరూ మొదట అడుగుతారు. కాగితం మీద చక్కగా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కలు చాలు. అంటే 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న ఫోటోకు 1800 ఇంటూ 1200, అనగా సుమారు 22 లక్షల చుక్కలు. ఇది రెండు మెగాపిక్సెల్స్‌కు కొంచెం ఎక్కువ. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న పెద్ద ఫోటోకైనా 9 మెగాపిక్సెల్స్ దాటవు. కాబట్టి ప్రకటనల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెలకు మోసపోనక్కరలేదు.

అంకె కంటే సెన్సారు సైజు ముఖ్యం. పెద్ద కెమెరాల్లో 36 ఇంటూ 24 మిల్లీమీటర్ల సెన్సారు ఉంటుంది. ఫోన్లలోది దానికంటే ఎన్నో రెట్లు చిన్నది. వెడల్పాటి గిన్నెలో వాన నీళ్ళు ఎక్కువ పడినట్లే పెద్ద సెన్సారు మీద కాంతి ఎక్కువ పడుతుంది. అందుకే రాత్రిపూట తేడా తెలుస్తుంది. పగటి వెలుగులో మాత్రం మామూలు ఫోను కూడా ఎంతో బాగా తీస్తుంది.

డబ్బు కూడబెట్టి కెమెరా కొనాలనుకునే అన్నలకు మా సూచన ఒకటే. కొత్త మోడల్ కోసం అప్పు చేయవద్దు. పనిచేసే పాత కెమెరా ఒకటి, ఎఫ్ 1.8 ఎపర్చరు ఉన్న జూమ్ లేని మామూలు లెన్సు ఒకటి చాలు. ఫ్రాన్సుకు చెందిన ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసాన్ తన ఫోటోల్లో అధిక భాగం 50 మి.మీ. లెన్సుతోనే తీశారు. దగ్గరి బొమ్మ కావాలంటే కాళ్ళతో ముందుకు నడవాలి. ఫోనులో వేళ్ళతో లాగే జూమ్ చాలాసార్లు ఉన్న బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. అన్నిటికంటే ముందు ఫోను లెన్సును మెత్తని బట్టతో తుడవండి. సగం ఫోటోలు అక్కడే బాగుపడతాయి.

"నల్లగా ఉంటే ఫోటో బాగా రాదు" - నిజమేనా?

ఈ మాట మనలో చాలామంది విన్నాం. కొన్ని స్టూడియోల్లో అడగకుండానే ముఖాన్ని తెల్లగా టచింగ్ చేసి ఇస్తారు. కానీ లోపం ముఖంలో లేదు, లెక్కలో ఉంది. కెమెరా మీటరు తన ముందున్న దృశ్యం సగటున నడిమి బూడిద రంగులో ఉంటుందని అనుకుంటుంది. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కాతో నిలబడితే కాంతి ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. దాంతో మన ముఖం ఉన్నదాని కంటే నల్లబడి కళ్ళు, ముక్కు తెలియకుండా పోతాయి.

దీని వెనుక చరిత్ర కూడా ఉంది. కొడాక్ సంస్థ రంగుల ఫోటోలు సరిచూసుకోవడానికి స్టూడియోలకు ఒక నమూనా కార్డు పంపేది. 1950ల నుంచి చాలా ఏళ్ళపాటు దాని మీద తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా వచ్చినట్లే. నల్లని చర్మం ఛాయల్ని ఆ పద్ధతి సరిగ్గా పట్టలేకపోయింది. చివరకు చాక్లెట్లు, చెక్క సామాన్లు ప్రకటనల్లో సరిగ్గా కనిపించడం లేదని ఆ కంపెనీల వాళ్ళు ఫిర్యాదు చేశాక గోధుమ, ముదురు రంగుల మీద శ్రద్ధ పెట్టారు. మనుషుల ముఖాలకు రాని శ్రద్ధ చాక్లెట్లకు వచ్చిందన్నమాట!

పరిష్కారం సులభం. ఫోను తెర మీద ముఖం దగ్గర వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ వద్దు. వేపచెట్టు నీడలో గానీ, ద్వారబంధం దగ్గర పక్క నుంచి వెలుగు పడేలా గానీ నిలబెట్టాలి. తెల్ల గోడ బదులు ముదురు రంగు తలుపు వెనుక ఉంటే మరీ మంచిది. అప్పుడు చర్మం మెరుపు, కంటి వెలుగు ఉన్నవి ఉన్నట్లు వస్తాయి.

ఫోటో ఎప్పుడు కళ అవుతుంది?

1859లోనే ఫ్రెంచి కవి బోదలేర్ ఫోటోగ్రఫీ కళ కాదని, కళలకు సేవ చేస్తూ పడి ఉండాలని వాదించారు. మీట నొక్కితే యంత్రమే బొమ్మ గీస్తుంది కదా, మనిషి చేసిందేమిటని ఆయన వంటి వారి ప్రశ్న. దానికి జవాబు వాదనలో కంటే ఫోటోల్లోనే దొరుకుతుంది.

మన హైదరాబాదు సంగతే చూడండి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844-1905) బరువైన గాజు పలకలతో తీసిన కోటలు, దర్బారుల ఫోటోలు ఈనాటికీ చెక్కుచెదరని అందంతో ఉన్నాయి. ఆ కాలంలోనే బ్రిటిష్ ప్రభుత్వం 1868 నుంచి 1875 వరకు "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అనే 8 సంపుటాలు అచ్చు వేసింది. వాటిలో నాలుగు వందలకు పైగా ఫోటోలున్నాయి. అయితే వాటిలో మనుషులను ఎక్కువగా కులం, తెగ పేర్లతో, వస్తువులకు చీటీలు అంటించినట్లు చూపారు. ఒకవైపు ప్రభువులు తమకు నచ్చినట్లు కూర్చుని దిగిన ఫోటోలు, మరోవైపు సామాన్యులను నిలబెట్టి తీసిన ఫోటోలు. యంత్రం ఒకటే, చూపు వేరు.

అమెరికాలో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకుని మహానాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ ఈ సంగతి గ్రహించారు. నల్లవారిని వెక్కిరిస్తూ గీసే బొమ్మలకు జవాబుగా, చక్కని దుస్తుల్లో, గంభీరమైన చూపుతో సుమారు 160 ఫోటోలు దిగారు. సూటు, చేతిలో పుస్తకంతో ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ గారి చిత్రపటం చూసినప్పుడు మనకు కలిగే ధైర్యం కూడా అటువంటిదే.

అదే దేశంలో పేద నల్లజాతి కుటుంబంలో 15 మంది పిల్లల్లో చివరివాడుగా పుట్టిన గోర్డన్ పార్క్స్ (1912-2006) రైలులో వెయిటరుగా పనిచేస్తూ, తాకట్టు దుకాణంలో పాత కెమెరా కొని తనంతట తానే నేర్చుకున్నారు. 1942లో వాషింగ్టన్ నగరానికి వెళితే హోటల్లో, సినిమా హాల్లో రంగు చూసి రానివ్వలేదు. ఆ కోపంతో ఆయన ఏం చేశారు? ప్రభుత్వ కార్యాలయం ఊడ్చే ఎల్లా వాట్సన్ అనే స్త్రీతో కూర్చుని ఆమె జీవితమంతా విన్నారు. తర్వాత జాతీయ జెండా ముందు, చీపురుతో ఆమెను నిలబెట్టి ఫోటో తీశారు. అక్కడితో ఆగకుండా ఆమె ఇంటికీ, చర్చికీ వెళ్ళి వారాల తరబడి ఫోటోలు తీశారు. ఆ ఫోటో ఈనాడు ప్రపంచ ప్రసిద్ధం. దాన్ని కళగా చేసింది కెమెరా కాదు, మీట నొక్కడానికి ముందు ఆయన విన్న మాటలు.

మన దేశంలో ముంబయి పారిశుధ్య కార్మికుల జీవితాన్ని ఏళ్ళ తరబడి ఫోటోలు తీసిన సుధారక్ ఓల్వేకు 2016లో పద్మశ్రీ లభించింది. చీర కట్టుకుని, సైకిలు మీద కెమెరా సామగ్రితో ఢిల్లీలో తిరిగిన తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారవాలాకు 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. కాబట్టి చెల్లెళ్ళూ, ఇది మగపిల్లల పని అనుకోవద్దు.

మనం చేయవలసినవి

పాత రోజుల్లో ఒక రీలుకు 36 ఫోటోలే వచ్చేవి. మీరూ నెలకు 36 మాత్రమే తీయాలని నియమం పెట్టుకోండి. అప్పుడు ప్రతి ఫోటోకు ముందు ఆలోచిస్తారు. ఎవరి ఫోటో తీసినా అడిగి తీయండి. వద్దంటే ఆపేయండి. తీసిన ఫోటో వాళ్ళకు చూపించండి. వెనుక పేరు, ఊరు, తేదీ రాయండి. పేరు లేని ఫోటో పాతబడితే మనిషి పోయి బొమ్మ మాత్రమే మిగులుతుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ కూలికి వెళ్ళే దారిని, నాన్న చేతుల్ని, తాత డప్పును, నాట్లు వేసే వరుసను తీయండి. దుప్పటి అందుకునే ఫోటోలో మన ముఖం జాలి కోసం ఉంటుంది. మనం తీసే ఫోటోలో అదే ముఖం తన కోసం తాను ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య తేడా తెలిసినవాడు సగం కళాకారుడు అయినట్లే. మిగతా సగం సాధనతో వస్తుంది.

వచ్చే సంవత్సరం సంచికకు అట్ట మీద బొమ్మ మన విద్యార్థి తీసినదే ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.