కోళ్ళను ఎత్తుకుపోయింది ఎవరు?

మా రాత్రి బడికి వచ్చే ఒక అత్త ఆ రోజు పలక తేలేదు. వచ్చి మూల కూర్చుంది.

"ఏమైంది అత్తా?" అని అడిగాను.

"ఏం చెప్పను టీచరమ్మా! పదకొండు పిల్లల తల్లికోడి. తెల్లారేసరికి తల్లి లేదు. పిల్లలు నాలుగే మిగిలాయి" అంది.

"నక్కే తినుంటుంది" అంది పక్కనున్న ఆమె. "కాదు, బావురుపిల్లి" అంది ఇంకొకామె. "ఏదైతేనేం, విషం పెడితే సరి" అన్నాడు ఒక తాత.

ఆ అత్తకు కోళ్ళంటే చిన్న సంగతి కాదు. గుడ్లు అమ్మిన డబ్బు ఆమె సొంత డబ్బు. దానికి ఎవరినీ చెయ్యి చాచి అడగనక్కర లేదు. మనవరాలి నోటు పుస్తకాలు, సంతకు పోయే బస్సు చార్జీ అందులోంచే. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా అంతే కదా!

మర్నాడు పొద్దున్నే వాళ్ళ పెరటికి వెళ్ళాను. ఇద్దరం గూడు చుట్టూ చూశాం. తలుపు కింద మట్టి తవ్వి ఉంది. జానెడు గుంట. ఈకలు గూటి దగ్గర మొదలై కంచె దాకా, అక్కడ నుంచి చేను గట్టు దాకా పడి ఉన్నాయి. అంటే వచ్చింది మట్టి తవ్వే జంతువు. కోడిని నోట కరుచుకుని పోయే జంతువు. నక్క కావచ్చు, ఊరకుక్క కావచ్చు. పిల్లి ఇట్లా తవ్వదు.

ఇది తెలుసుకోవడం ఎందుకు? నక్క కింద నుంచి వస్తుంది. గద్ద పై నుంచి వస్తుంది. ముంగిస సందులోంచి దూరుతుంది. ఏది వచ్చిందో తెలిస్తే దాని దారి మూయవచ్చు. లేకపోతే ఒక వైపు మూస్తాం, అది ఇంకో వైపు నుంచి వస్తుంది.

కోడి మెడ, తల కొరికి ఉండి, నాలుగైదు కోళ్ళు ఒకేసారి చచ్చి అక్కడే పడి ఉంటే ముంగిస పని కావచ్చు. ఇది పగలే తిరుగుతుంది. మనం పొలం పోయినప్పుడు వస్తుంది. కుక్క కూడా చాలా కోళ్ళను చంపి వదిలేస్తుంది కానీ, ఈకలు పీకి చిందరవందర చేస్తుంది. పట్టపగలు ఒక్క పిల్ల మాయమై, నెత్తురు మరక కూడా లేకపోతే గద్ద. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము అనుకోవాలి.

గుర్తు పట్టలేకపోతే ఒక ఉపాయం ఉంది. రాత్రి గూడు ముందు పొయ్యి బూడిద పల్చగా చల్లండి. పొద్దున అడుగులు పడి ఉంటాయి. కుక్క, నక్క అడుగుల్లో గోళ్ళ గుర్తులు కనబడతాయి. పిల్లి గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి కనబడవు.

ఇప్పుడు గూటి సంగతి. నేల మీద గూడు కంటే రెండడుగుల కాళ్ళ మీద గూడు మేలు. తవ్వడానికి వీలుండదు. నేల మీదే ఉంటే తలుపు కింద బండ పరవాలి. చుట్టూ జాలిని ఒక అడుగు లోతు మట్టిలోకి దించాలి. అంగట్లో దొరికే పల్చటి కోళ్ళ జాలిని నమ్మకండి. కుక్క దాన్ని చింపేస్తుంది. గట్టి తీగ జాలి, అర అంగుళం కన్నాలది కొనండి. ఖరీదు కొంచెం ఎక్కువే. కొనలేకపోతే కిటికీ వరకే గట్టి జాలి వేసి, మిగతాది మట్టిగోడ పెట్టుకోవచ్చు. తలుపుకు తాడు కట్టి వదిలేయకండి, గొళ్ళెం పెట్టండి.

గద్దకు గూడు అడ్డం కాదు, ఎందుకంటే అది పగటి దొంగ. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్ళూ గంప కింద పెట్టండి. బయటికి వదిలితే చిక్కుడు పందిరి, బీర పందిరి కింద వదలండి. కొందరు పిల్లలకు గులాబీ రంగు పూస్తారు. కొందరు మెరిసే కాగితాలు కడతారు. గద్ద నాలుగు రోజులు భయపడి, తర్వాత అలవాటు పడుతుంది. నాకైతే పందిరి మీదే నమ్మకం. నాటుకోడి గద్దను చూడగానే అరుస్తుంది, పిల్లలు రెక్కల కిందికి చేరతాయి. వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చుకునే వాళ్ళకు ఆ తల్లి ఉండదు. ఇవి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలు. వీటి పిల్లలను మొదటి ఆరు వారాలు లోపలే పెంచి, తర్వాత పెరట్లో వదలాలి.

పాముల కోసం ఒక మాట. గూట్లో నూకలు చిమ్మితే ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పాము వస్తుంది. మేత సాయంత్రమే ఊడ్చేయండి. చీకట్లో గుడ్ల కోసం చెయ్యి పెట్టకండి, టార్చిలైటు వేసి చూడండి. పాము కరిస్తే మంత్రం, నాటు వైద్యం అని ఆగకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి.

తాత చెప్పిన విషం సంగతి. విషం కలిపిన మాంసాన్ని నక్కే తినాలని లేదు. మీ కుక్క తింటుంది. పసిపిల్లలు ముట్టుకుంటారు. ముంగిస, నక్క పొలంలో ఎలుకల్ని కూడా తింటాయి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని చంపడం నేరం. కంచెకు కరెంటు పెట్టడం మరీ ఘోరం. అట్లాంటి తీగలకు తగిలి మనుషులే చచ్చిపోయారు.

ఒంటి మీద గాయం లేకుండా కోడి చచ్చిపోతే అది దొంగ పని కాదు. కొక్కెర తెగులు కావచ్చు. పశువుల డాక్టరుకు చెప్పండి. చచ్చిన కోడిని పెంటకుప్ప మీద పారేయకండి, లోతుగా పూడ్చండి. ఆ వాసనకే కుక్కలూ నక్కలూ పెరటి దారి పడతాయి.

అత్త ఇప్పుడు పొద్దు గూకకముందే కోళ్ళను లోపలికి తోలుతుంది. లెక్కపెట్టి, సుద్దముక్కతో గూటి తలుపు మీద అంకె వేస్తుంది. పొద్దున మళ్ళీ లెక్కపెడుతుంది. నిన్న నేను వెళ్ళేసరికి తలుపు మీద 4 అని ఉంది. కింద కొత్త బండ ఉంది. పక్కన గంపలో ఇంకో కోడి పన్నెండు గుడ్ల మీద పొదుగుతోంది. "ఇరవై ఒక్క రోజులు టీచరమ్మా, అప్పుడు రెండంకెలు రాయాలి" అంది అత్త.