తగ్గినవాళ్ల సాక్ష్యం

ఆరంబాక్కం దాటితే తడ. ఇటు తమిళనాడు, అటు ఆంధ్ర. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి పెద్ద జబ్బుతో చెన్నై ఆసుపత్రులకు వెళ్లేవాళ్లకు ఇదే దారి. 2021 మే నెలలో కొందరు ఎదురు దిక్కున బయలుదేరారు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు కొవిడ్‌కు మందు ఇస్తున్నారని ఆంధ్ర ఊళ్ల నుంచే కాదు, పక్క రాష్ట్రాల నుంచీ జనం కదిలారు. మే 21న వేలమంది ఒకరి మీద ఒకరు పడేసరికి పంపిణీ ఆపేశారు. జబ్బు తగ్గడానికి వచ్చి, జబ్బు అంటుకునేంత దగ్గరగా నిలబడ్డారు.

వాళ్లను వెర్రివాళ్లంటే నేనొప్పుకోను. మంచం దొరకని రోజులవి. ఆసుపత్రి బిల్లు తలచుకుంటేనే జ్వరమొచ్చేది. ఈయనేమో డబ్బు అడగలేదు.

అయితే ఒక లెక్క ఉంది. కొవిడ్ సోకిన వందమందిలో సుమారు ఎనభైమందికి తేలికగానే పోతుందని మహమ్మారి మొదట్లోనే తెలిసింది. ఆ వందమందికీ మజ్జిగ పోసి పంపినా, ఎనభైమంది మజ్జిగ మహిమే చెబుతారు. తగ్గనివాళ్లు వార్డులో ఉంటారు, లేదా అసలే ఉండరు. సెల్‌ఫోన్ వీడియోల్లో మాట్లాడేది తగ్గినవాళ్లే. ఇందులో అబద్ధమాడినవాడు ఒక్కడూ లేడు. చిక్కంతా అక్కడే.

మందువల్ల హాని కనబడలేదనీ, కొవిడ్‌ను తగ్గిస్తుందనడానికి రుజువూ లేదనీ పరీక్షించినవాళ్లు చెప్పారు. మే 31న ఆయన ఇచ్చే మందుల్లో కొన్నిటికి ప్రభుత్వం అనుమతిచ్చింది, కంటి చుక్కలకు ఇవ్వలేదు. రుజువు లేదన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

మరి తెల్లకోటు వేసుకున్నవాళ్ల సంగతి? కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే రోగి లేచి కూర్చుంటాడని వాళ్లూ నమ్మారు. లేచి కూర్చున్నవాళ్లను కళ్లారా చూశారు కూడా! కాకపోతే వైద్యశాస్త్రానికి తన కళ్లనే అనుమానించే అలవాటొకటి ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మామూలు వైద్యంతోపాటు ప్లాస్మా, రెండోదానికి మామూలు వైద్యమే. ప్లాస్మా ఎక్కించినవాళ్లలో 44 మందికి విషమించింది లేదా ప్రాణం పోయింది. ఎక్కించనివాళ్లలో 41 మందికి.

ఈ ఫలితం 2020 అక్టోబరుకల్లా అచ్చయింది. అయినా రెండో వేవ్‌లో డాక్టరు చీటీ పట్టుకుని, దాతల కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసిన కుటుంబాలెన్నో. కేంద్రం చికిత్సా మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. కృష్ణపట్నం జాతరకు సరిగ్గా నాలుగు రోజుల ముందు.